బడి లెక్కయు, ఇంటి పద్దును



మేము ముప్పది యేండ్లు ఈ తీరమున చక్రవడ్డీ లెక్కలు నేర్పితిమి. నూటికి నూరు మార్కులు తెచ్చుకొన్న మా శిష్యుడొకడు వలలకై అప్పుచేసి, పత్రము చదువకయే చేవ్రాలు చేసి, పడవను పోగొట్టుకొనెను. తప్పు మాది. లెక్క నేర్పితిమి గాని, దానిని ఇంటి పద్దుతో ముడిపెట్టమైతిమి.

మన నెల్లూరు జిల్లా స్త్రీలు ఆ ముడి వేసి చూపిరి. దూబగుంటలో రాత్రిబడి అక్షరములు దిద్దిన తల్లులు 1992లో సారాయి నెదిరించిరి. 1993 అక్టోబరులో రాష్ట్రమున సారాయి నిషిద్ధమయ్యెను. పిమ్మట 'పొదుపులక్ష్మి' పేర జిల్లా స్త్రీలు దినమునకొక రూపాయి కూడబెట్టిరి. తల్లి దాచుట చూచిన బిడ్డకు పొదుపును వేరొక పాఠముగా చెప్పనక్కరలేదు.

కావున నెలకొకనాడు జమాఖర్చులను బిడ్డల యెదుటనే వ్రాయుడు, అప్పున్నచో దాచకుడు. ఉపాధ్యాయులు ప్రామిసరీ నోటు చదువుటయు నేర్పుదురు గాక! ఆర్జనము కంటె రక్షణము కష్టము.