తాతగారి తుపాకి: గుర్తింపు, విలువ, బాధ్యత

(ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను, డి.ఎ. గురించి మాట్లాడుకునే సభలో తుపాకి ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. తుపాకి మన నగరానికి కొత్త కాదు. ఆబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీకి ఆ పేరు 1795లో రేమండ్ దొర పెట్టించిన ఫిరంగుల కార్ఖానా వల్ల వచ్చింది. జిల్లాల నుంచి వచ్చి తార్నాక, హబ్సిగూడలలో స్థిరపడిన కుటుంబాలలో కొందరికి పొలం కాగితాలతోపాటు ఒక పాత వేట తుపాకి కూడా సంక్రమించి ఉండవచ్చు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, వేట పోయింది. తుపాకి మాత్రం బీరువాలో మిగిలింది. యజమాని కాలం చేస్తే ఆ బరువు భార్యాపిల్లల మీద పడుతుంది. "దీని ధరెంత?" అని వాళ్ళు అడుగుతారు. "ఇది మన ఇంట్లో ఉండవచ్చునా?" అన్నది అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న.

మొదట గుర్తింపు సంగతి చెబుతాను. 12 బోరు అంటే, ఒక పౌను సీసంతో సమానమైన 12 గుండ్లు పోస్తే ఒక్కొక్క గుండు ఎంత లావుంటుందో గొట్టం లోపలి వ్యాసం అంత అని అర్థం. అది సుమారు 18.5 మిల్లీమీటర్లు. అదే లెక్కన 16 బోరుకు 16 గుండ్లు. అందుచేత అంకె పెరిగినకొద్దీ గొట్టం సన్నబడుతుంది.

గొట్టం మీద చెక్కిన పేరు తయారీదారుదే అనుకోవద్దు. కలకత్తాలోని రోడా కంపెనీ వంటివారు ఇంగ్లండులో చేయించిన తుపాకులను తమ పేరుతో అమ్మేవారు. అసలు ఆనవాళ్ళు గొట్టాల అడుగున ఉంటాయి. బ్రిటన్‌లో ప్రతి గొట్టాన్నీ ఎక్కువ మందుతో పేల్చి, తట్టుకుంటేనే ముద్ర వేసేవారు. బర్మింగ్‌హాంలో ఆ పరీక్షాలయం 1813లో ఏర్పడింది. బ్రిటిషు ముద్రలలో కిరీటం గుర్తులు కనిపిస్తాయి. కోడిగుడ్డు ఆకారపు గీతలో ఇ.ఎల్.జి. అక్షరాలుంటే బెల్జియంలోని లీజ్ నగరపు పరీక్ష పొందినది. ఈ ముద్ర గొట్టం బలానికి సాక్ష్యమే గాని పనితనానికి కాదు.

కొన్ని గొట్టాల మీద పాముపొడ వంటి చారలుంటాయి. వాటిని డమస్కస్ గొట్టాలంటారు. మన నిజామాబాదు జిల్లా కోనసముద్రం నుంచి పూర్వం కత్తుల కోసం పశ్చిమాసియాకు వెళ్ళిన ఉక్కు వేరు, ఇది వేరు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, చుట్టి, అతికి చేసిన గొట్టమిది. చాలావరకు నల్లమసి మందు కోసం చేసినవి. వాటిలో నేటి తూటా పెడితే గొట్టం పగిలి చేయి పోవచ్చు. సరదాకైనా పేల్చవద్దు.

ఇక విలువ. తయారీదారు పేరు, గొట్టాల లోపలి స్థితి, విడిభాగాలు మొదటివేనా, పెట్టె, పాత రశీదులు ఉన్నాయా, వీటిని బట్టి ధర ఉంటుంది. పర్డీ, హాలండ్ అండ్ హాలండ్ వంటి పేరున్న కంపెనీలు పాత తుపాకుల నంబర్ల రికార్డులు భద్రపరిచాయి. గరుకు కాగితంతో, ఇటుకపొడితో తోమితే ముద్రలు అరిగి విలువ పోతుంది. లండన్ వేలంపాట ధర చూసి లెక్కలు వేసుకోవద్దు. నూరేళ్ళు దాటిన పురావస్తువును సొంతంగా విదేశాలకు పంపడానికి 1972 చట్టం ఒప్పుకోదు. ఇక్కడ కొనేవాడికి లైసెన్సు ఉండాలి. కొనేవారు తక్కువ కాబట్టి ధరా తక్కువే.

అన్నిటికంటె ముఖ్యమైనది చట్టం. "పాతది, అలంకారానికి ఉంచాం" అంటే చెల్లదు. 1959 ఆయుధ చట్టం 45వ సెక్షను ప్రకారం, బాగుచేసినా పేలని పాత ఆయుధానికే మినహాయింపు. పేలగలిగినదైతే నూరేళ్ళదైనా లైసెన్సు కావాలి. 2019 సవరణ తరువాత, లైసెన్సు లేకుండా ఉంచుకుంటే రెండు నుంచి అయిదేళ్ళ జైలు. వారసత్వంగా వచ్చినవి కలుపుకొని ఒకరికి రెండుకు మించి ఉండరాదు.

యజమాని పోతే ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషనుకు రాతపూర్వకంగా తెలిపి, తుపాకిని డిపాజిట్ చేసి రశీదు తీసుకోవాలి. లైసెన్సు లేనివారు దానిని సంచిలో పెట్టుకొని దుకాణాల చుట్టూ తిరగరాదు. ధర కట్టించే పని తరువాత, లైసెన్సు ఉన్న డీలరు ద్వారా చేయించుకోవచ్చు. డిపాజిట్ చేసినంత మాత్రాన హక్కు పోదు. వారసులు లైసెన్సు పొంది తిరిగి తీసుకోవచ్చు, లేదా అర్హత ఉన్నవారికి అమ్మవచ్చు. గడువు దాటనిస్తే మాత్రం ప్రభుత్వపరమవుతుంది.

మన వయసువారికి మరొక సౌకర్యం ఉంది. 2016 నియమాల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, తుపాకి 25 ఏళ్ళుగా తన దగ్గర ఉన్నా, బతికుండగానే వారసుడి పేరిట లైసెన్సు కోరవచ్చు. నగరంలో దరఖాస్తు పోలీసు కమిషనరు కార్యాలయానికి చేరాలి. మిగిలిన వారసుల అంగీకారం కూడా రాయించి పెట్టుకుంటే తగాదాలుండవు.

వీలునామా రాసినప్పుడు ఇల్లు, బ్యాంకు ఖాతా రాస్తాం. తుపాకి ఉన్నవారు దాని నంబరు, లైసెన్సు కాగితం ఉన్న చోటు కూడా ఇంట్లోవారికి చెప్పండి. మనం పోయాక మన ఇల్లాలు స్టేషను మెట్ల మీద సంజాయిషీ చెప్పుకునే పరిస్థితి రాకూడదు.