స్వగృహే
(మహాకుంభాభిషేక సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



పూజారంభమున సంకల్పము చెప్పుకొనునపుడు మనమెక్కడ నున్నామో భగవంతునికి విన్నవించుకొందుము. శ్రీశైలమునకు ఏ దిక్కున, ఏ నదుల నడుమ అని చెప్పి, చివరకు ఇంటి మాటకు వత్తుము. సొంత ఇల్లు గలవారు "స్వగృహే" అందురు. అద్దె ఇంటివారికి "వసతి గృహే" అను మాట గలదు. వేదపాఠశాలలో ఈ సంకల్పము నేర్చుకొను దినమున "స్వగృహే" అను పదము నా నోట పలుకలేదు.

నా బాల్యము అటువంటిది. వరుస కరవులలో మా తండ్రిగారు ఊళ్లు మారిరి. తల్లి పోయిన పిమ్మట నన్ను ఒక బంధువు ఇంటి నుండి మరియొకరి ఇంటికి పంపిరి. పాఠశాలలో చేరునప్పటికి మూడు ఇండ్ల అన్నము తింటిని. ఎవరును కొట్టలేదు, పస్తుంచలేదు. అయినను "వీడెన్నాళ్లుండును?" అను మాట ప్రతి వంటింటిలోను చెవిని బడెడిది. "మీదే ఊరు?" అని అడిగినవారికి తల వంచుకొనుటయే నా జవాబు. గురువుగారు నా తడబాటు చూచి, "వసతి గృహే అని చెప్పుకో నాయనా, అదియు దేవుడికి వినబడును" అనిరి.

ప్రహ్లాదుని కథ ఆనాటి నుండి నాకు వేరుగా తోచెడిది. తల్లి గర్భమున నుండగనే ఇంద్రుడు ఆమెను చెరపట్టెను. నారదుడు విడిపించి తన ఆశ్రమమున నుంచెను. తరువాత కన్నతండ్రియే పాములకు, ఏనుగులకు, అగ్నికి అప్పగించెను. ఆ బాలునకు నిలిచిన చోటేది? మనకు చేరువనే ఉన్న కదిరికి వెళ్లి చూడుడు. అచ్చట స్వామి ప్రహ్లాద సమేతుడై వెలసియున్నాడు. ఓబులదేవర యనగా అహోబల నృసింహుడే గదా! మన ఊరి పేరులోనే ఆ స్వామి యున్నాడు.

ఈ ఊరికి నేను పరాయివానిగనే వచ్చితిని. కొంతకాలమునకు జ్వరము వచ్చి ఒక దినము గుడికి రాలేకపోతిని. మరునాడు, నిత్యము దీపమునకు నూనె తెచ్చు ఒక అవ్వ గడప వద్దనే నిలదీసెను. "నిన్న యాడికి పోయింటివి సామీ? నువ్వు ల్యాకుంటే గుడి గుడి మాదిరి ల్యా." నా కోసము ఒకరు ఎదురుచూచుట నేనెరిగినంతలో అదియే మొదలు. ఆ సాయంకాలము అద్దె ఇంటిలోనే పూజకు కూర్చుండి "స్వగృహే" అంటిని. శాస్త్రము ఒప్పునో ఒప్పదో, అంటిని.

జీర్ణోద్ధరణకై కళాకర్షణ చేసి స్వామిని బాలాలయమునకు తెచ్చినపుడు ఇదంతయు జ్ఞప్తికి వచ్చెను. రేకుల కప్పు క్రింద, సిమెంటు మూటల ప్రక్కన ఆయన ఉన్నన్నాళ్లు ఒక్క పూట నైవేద్యము తప్పలేదు. మీరు తప్పనీయలేదు. ఇప్పుడు లక్క, గుగ్గిలము, తేనెమైనము, వెన్న మొదలగువానిని కలిపి దంచి దంచి చేసిన అష్టబంధనముతో పీఠమున స్థిరపడినాడు.

వాన నమ్మి వేరుశనగ వేసి, నష్టపోయి బెంగళూరు చేరిన కుటుంబములు మనలో ఎన్నో గలవు. మీ బిడ్డలు అచ్చట ఇండ్లు, బడులు మారుచు పెరుగుచున్నారు. చందా రశీదులపై మీ పేర్లు వ్రాయించితిరి గాని వారి పేర్లు లేవు. వారి నామ గోత్ర నక్షత్రములు వ్రాసి పంపుడు. గోత్రము తెలియకున్నను, నక్షత్రము తెలియకున్నను పేరు చాలును. అర్చనలో చదువుటకు వారి కొరకు వేరుగా ఒక పుస్తకము కుట్టించితిని. నాలుగు పుటలు నిండినవి.