వేసవి సెలవుల్లో నీళ్లెవరు పోస్తారు?

(సాయంత్రం చదువు కేంద్రంలో ఒక విద్యా వాలంటీరు చేసిన ప్రసంగం)

అమ్మలారా, అక్కలారా, చెల్లెళ్లారా! 

మీరంతా పొలం పని చూసుకుని, వంట చేసి, పిల్లలకు అన్నాలు పెట్టి వచ్చారు. అలసిపోయి ఉన్నారు. అందుకే ఎక్కువసేపు మాట్లాడను. మీ పక్క ఊరు నాది. టీచర్ ట్రైనింగు చదివి మా ఊరి బడిలోనే పాఠాలు చెబుతున్నాను. ఆ బడిలో జరిగిన ఒక సంగతి చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది. అదీ చెబుతాను.

ముందు ఎండ గురించి మాట్లాడుకుందాం.

మన నెల్లూరు మెట్ట ప్రాంతానికి ఎండలు కొత్త కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఏనాడో అన్నారు. కానీ ఇప్పుడు వడగాడ్పులు కొట్టే రోజులు పెరుగుతున్నాయి. 2015 మే నెల మీకు గుర్తుందా? ఆ ఏడు ఎండ దెబ్బకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది ఆంధ్రా, తెలంగాణ వాళ్లే. కూలీలు, ముసలివాళ్లే ఎక్కువ.

ఎందుకిలా జరుగుతోంది? బొగ్గు, పెట్రోలు, డీజిలు మండిస్తే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. అది గాలిలో చేరి, భూమికి దుప్పటి కప్పినట్టు ఉంటుంది. వేడిని బయటికి పోనివ్వదు. నూట యాభై ఏళ్లుగా ఆ దుప్పటి మందమవుతూ వచ్చింది. భూమి వేడిని కొలవడం మొదలుపెట్టాక అన్నిటికంటే వేడి సంవత్సరం 2024 అని శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు.

ఈ దుప్పటిని మందం చేసిందెవరు? నడిచి కూలికి పోయే మనం కాదు. కానీ ఎండలో నిలబడేది మనం. మన పిల్లలు.

బడిలో నాలుగు చెట్లు పెంచితే భూమి అంతా చల్లబడుతుందా? చల్లబడదు. మీకు అబద్ధం చెప్పను. కానీ మన పిల్లలు కూర్చునే చోటు చల్లబడుతుంది. అది మన చేతిలో ఉన్న పని.

ఇక మా బడి సంగతి వినండి.

ఒక మార్చి నెలలో ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. మధ్యాహ్నం పన్నెండున్నర. పిల్లలు కంచాలు పట్టుకుని అన్నానికి వరసలో నిలబడ్డారు. ఒక చిన్న పాప కళ్లు తిరిగి పడిపోయింది. నీడకు తీసుకుపోదామంటే ఆవరణలో ఒక్క చెట్టు లేదు. వరండాలో పడుకోబెట్టి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచాం. తెలివి వచ్చాక నీళ్లు తాగించాం. పాప తేరుకుంది. నా చేతులు మాత్రం సాయంత్రం దాకా వణుకుతూనే ఉన్నాయి.

ఆ జూలైలో బడి చుట్టూ 40 మొక్కలు నాటాం. పెద్దలు వచ్చారు. చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశారు. పిల్లలు రోజూ నీళ్లు పోశారు. ఏప్రిల్ చివర సెలవులిచ్చాం. అందరం ఇళ్లకు పోయాం.

జూన్‌లో బడి తెరిచేసరికి మిగిలినవి నాలుగే.

అప్పుడు నేనేం చేశాను? మొక్కల లెక్క రాసే పని నాది. కమిటీ తీర్మానాల పుస్తకంలో ఇలా రాశాను: "40 మొక్కలు నాటాము. అన్నీ బాగున్నాయి." సిగ్గుపడి రాశాను. ఎవరైనా ఏమన్నా అంటారని భయపడి రాశాను. కమిటీలో ఉన్న అమ్మల దగ్గరికి సంతకాలకు తీసుకెళ్లాను. అంతకు ముందు వాళ్లు అడగకుండా వేలిముద్ర వేసేవాళ్లు.

ఆ రోజు ఒక అమ్మ వేలు చాపలేదు. ఆమె మీలాగే రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. పుస్తకం ముందుకు లాక్కుంది. కూడబలుక్కుంటూ చదివింది. తలెత్తి నన్ను చూసింది.

"నలభై అని రాశావు గదా తల్లీ. పద, పోయి లెక్కపెడదాం" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె ముందే ఆ మాట కొట్టేసి, "4 బతికాయి" అని రాశాను. అప్పుడు ఆమె సంతకం చేసింది.

ఆ వారమే బడిలో సమావేశం పెట్టాం. తల్లులూ తండ్రులూ వచ్చారు. మొక్కలు ఎందుకు చచ్చిపోయాయని పిల్లలనే అడిగాం. "మేకలు తిన్నాయి" అన్నారు కొందరు. "బోరు గదికి తాళం వేశారు" అన్నారు ఇంకొందరు. ఒక పిల్లవాడు లేచి, "బడికి సెలవులు ఉన్నాయి, చెట్టుకు లేవు టీచర్" అన్నాడు. అసలు మాట అదే.

ఒక అక్క కోపంగా అడిగింది: "ఇంట్లో తాగడానికే నీళ్లు లేవు. చెట్లకు ఎక్కడ తెచ్చేది?" ఆమె అడిగింది న్యాయమే. అందుకే బిందె మంచినీళ్లు అడగలేదు. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తొలిచిన నీళ్లు తెమ్మన్నాం.

అందరం కలిసి ఈ పనులు చేశాం.

ఈసారి 25 మొక్కలే నాటాం. కానుగ, వేప, నేరేడు. ఎన్ని బతికించగలమో అన్నే నాటాలి.

ఒక్కో మొక్కకు ముళ్ల కంప కట్టాం. అది తండ్రులు చేశారు.

పాత మట్టికుండ అడుగున చిన్న చిల్లు పెట్టి, గుడ్డ వత్తి దూర్చాం. మొక్క పక్కన పాతి, నీళ్లు నింపి, మూత పెట్టాం. నీరు కొంచెం కొంచెంగా వేరుకు అందుతుంది. రోజూ పోయనక్కరలేదు.

మొక్క మొదట్లో ఎండుటాకులు పరిచాం. తేమ తొందరగా ఆరిపోదు. ఆకులు తగలబెట్టడం మానేశాం.

బడి ఉన్న రోజుల్లో పిల్లలు చేతులు కడిగిన నీళ్లు చిన్న కాలువ తీసి చెట్లకు మళ్లించాం.

సెలవుల్లో వంతులు వేసుకున్నాం. గోడ మీద పట్టిక గీశాం. ఏ వారం ఎవరిదో తల్లులే రాశారు. వాళ్ల పేర్లు వాళ్లే రాసుకున్నారు. బోరు గది తాళం ఆ వారం వంతు వాళ్ల దగ్గర ఉంటుంది.

ఈ జూన్‌లో లెక్కపెట్టాం. 25లో 19 బతికాయి. ఆరు పోయాయి. పుస్తకంలో అలాగే రాశాం. ఇంకా నీడ రాలేదు. మొక్కలు నడుము ఎత్తే ఉన్నాయి. ఇంకొన్నేళ్లు కాపాడాలి.

అక్కలారా! బడి మాస్టర్లది, మనకేం తెలుసు అనుకోకండి. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ఏం చెబుతోందో వినండి. ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడికి ఏం కావాలో ప్రణాళిక రాసే పని కూడా ఆ కమిటీదే. నీళ్లూ, నీడా అందులో రాయించండి.

మన జిల్లాలోనే దూబగుంట ఉంది. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్లు మీలాగే చదువు కేంద్రానికి వెళ్లారు. సారా గురించి పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు. ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినబడింది. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. చదువు నేర్చిన ఆడవాళ్ల బలం అంతటిది.

రేపు మీ పిల్లల చెయ్యి పట్టుకుని మీ బడికి వెళ్లండి. చెట్లు లెక్కపెట్టండి. తీర్మానాల పుస్తకం అడగండి. చదవండి. రెండు లెక్కలూ ఒకటేనా, చూడండి. కాకపోతే సంతకం చేయకండి. "పదండి, పోయి లెక్కపెడదాం" అనండి.

మా ఊళ్లో ఒక అమ్మ ఆ మాటే అంది. ఆ మాటతోనే మా చెట్లు బతికాయి.