చిన్న బెడ్ పికప్‌కి పెద్ద ట్రైలర్: స్లైడింగ్ హిచ్ కొనే ముందు ఈ లెక్క వేసుకోండి

చంద్రశేఖరపురం నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్ టాపిక్ విని కొంతమంది "ఇది మనకెందుకు బ్రో" అనుకుంటారు. ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. ట్రాక్టర్ నడిపేవాళ్లకి, ఇంట్లో ట్రాలీ ఉన్నవాళ్లకి కూడా ఇందులో పనికొచ్చే మాట ఉంది.

విషయం ఏంటంటే, మన పామూరు వైపు నుంచి వెళ్లి అమెరికాలో టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో సెటిల్ అయిన ఒక అన్న మెసేజ్ పెట్టాడు. ఆయన దగ్గర నాలుగు డోర్ల పికప్ ట్రక్కు ఉంది. వెనక బెడ్ చిన్నది, ఐదున్నర అడుగులు. ఇప్పుడు ఒక క్యాంపింగ్ ట్రైలర్ కొనాలని చూస్తున్నాడు. లోపల మంచాలు, వంటగది, బాత్రూమ్ అన్నీ ఉండే ఇల్లు లాంటి బండి. అది ఫిఫ్త్ వీల్ టైపు. డీలర్ "మీది షార్ట్ బెడ్ కాబట్టి స్లైడింగ్ హిచ్ వేయించుకుంటే సరిపోతుంది" అన్నాడంట. "తమ్ముడూ, మాన్యువల్ తీసుకోనా, ఆటోమేటిక్ తీసుకోనా? వచ్చే వారం అడ్వాన్స్ కట్టాలి" అని అడిగాడు. బండిలో వెళ్లేది ఆయన, వదిన, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన నాన్న. అందుకే ఏదో ఒక లైన్‌లో రిప్లై ఇచ్చి వదిలేయలేదు.

ముందు ఈ ఫిఫ్త్ వీల్ అంటే ఏంటో చూద్దాం. ఐదో చక్రం అంటే స్టెప్నీ కాదు. గుర్రపు బగ్గీల కాలంలో ముందు ఇరుసు మీద అడ్డంగా పడుకోబెట్టిన ఒక గుండ్రటి చక్రం ఉండేది. బగ్గీ మలుపు తిరగాలంటే ముందు ఇరుసు దాని మీద తిరిగేది. ఆ పేరే ఇప్పటికీ ఉండిపోయింది. 1914లో డెట్రాయిట్‌లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి ఉండేవాడు. ఒక కలప వ్యాపారి తన పడవను తీసుకెళ్లడానికి బండి కావాలంటే, ఫోర్డ్ మోడల్ టీ కారు వెనక తగిలించే ట్రైలర్ చేసి ఇచ్చాడు. సెమీ ట్రైలర్ కథ అక్కడి నుంచే ఊపందుకుంది.

ఇప్పుడు మన చీమకుర్తి గ్రానైట్ బ్లాకులు మోసే ట్రైలర్ లారీలు చూడండి. ముందు ఇంజన్ బండి, దాని వీపు మీద నల్లగా గ్రీజు పూసిన ఒక పెద్ద ప్లేటు ఉంటుంది. ట్రైలర్ కింద ఒక లావు ఉక్కు పిన్ను. దాన్ని కింగ్ పిన్ అంటారు. ఆ పిన్ను ప్లేటులో ఉన్న దవడల మధ్యకి వెళ్లి లాక్ అవుతుంది. అమెరికాలో ఇదే పద్ధతిని చిన్న సైజులో పికప్ బెడ్ లోపల బిగిస్తారు. అంటే ట్రైలర్ బరువు బంపర్ దగ్గర వేలాడదు, వెనక ఇరుసు మీద కూర్చుంటుంది. అందుకే ఫిఫ్త్ వీల్ ట్రైలర్ రోడ్డు మీద నిలకడగా వస్తుంది, అంత తేలిగ్గా ఊగదు. ఆ గుణం కోసమే జనం దీన్ని ఇష్టపడతారు.

మరి ప్రాబ్లం ఎక్కడ? ట్రాలీ వెనక్కి పెట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. కళ్లంలోకి రివర్స్ పెడుతూ స్టీరింగ్ ఎక్కువ కోసేస్తే ట్రాక్టర్ పెద్ద టైరు వెళ్లి ట్రాలీ నొగకి రాసుకుంటుంది. పక్కనున్న వాళ్లు "ఆపు ఆపు" అని కేకలు వేస్తారు. పికప్‌లో కూడా సరిగ్గా అదే. కాకపోతే అక్కడ ట్రైలర్ ముందు మూల వచ్చి తగిలేది డ్రైవర్ క్యాబిన్‌కి. వెనక అద్దం పగులుతుంది, క్యాబిన్ రేకు లోపలికి పోతుంది. వెనక సీట్లో పిల్లలుంటే ఇక చెప్పక్కర్లేదు.

లెక్క సింపుల్. అక్కడ రోడ్డు మీద అనుమతించే ట్రైలర్ వెడల్పు గరిష్ఠంగా 102 అంగుళాలు, అంటే ఎనిమిదిన్నర అడుగులు. మన దగ్గర కూడా 2.6 మీటర్లు, దాదాపు అంతే. పిన్ను ట్రైలర్‌కి మధ్యలో ఉంటుంది. కాబట్టి పిన్ను నుంచి ట్రైలర్ పక్క గోడకి 51 అంగుళాలు. ట్రక్కుకి ట్రైలర్ పూర్తిగా అడ్డంగా, ఎల్ ఆకారంలో తిరిగిందనుకోండి, ఆ 51 అంగుళాలు క్యాబిన్ వైపు వస్తాయి. పొడవు బెడ్, అంటే 8 అడుగుల బెడ్ ఉన్న ట్రక్కులో ఇరుసు నుంచి క్యాబిన్‌కి సుమారు 55 అంగుళాల పైనే ఉంటుంది. తగలదు. ఆరున్నర అడుగుల బెడ్‌లో అది సుమారు 40కి పడిపోతుంది. అంటే 11 అంగుళాలు తక్కువ. ఐదున్నర అడుగుల బెడ్‌లో ఇంకా తక్కువ.

"అయితే హిచ్‌నే ఒక అడుగు వెనక్కి బిగించేస్తే పోలా?" అని అడగొచ్చు. కుదరదు. ఇక్కడ మన ఎద్దుల బండి గుర్తు తెచ్చుకోండి. బండిలో బస్తాలు వెనక్కి ఎక్కువ పేరిస్తే ఏమవుతుంది? కాడి పైకి లేస్తుంది, ఎద్దుల గొంతుకి పట్టేస్తుంది. ముందుకి ఎక్కువ పేరిస్తే మెడ మీద భారం. మన తాతలు ఆ తూకం చూసుకునే బండి కట్టేవాళ్లు. పికప్‌లో కూడా పిన్ను వెనక ఇరుసుకి నేరుగా పైన, లేదా ఒకటి రెండు అంగుళాలు ముందుకి ఉండాలి. ఇరుసు వెనక పడితే ముందు చక్రాల మీద బరువు తగ్గిపోతుంది, స్టీరింగ్ తేలిపోతుంది. హైవే మీద 100 స్పీడులో స్టీరింగ్ తేలిపోతే ఏమవుతుందో మీకే తెలుసు.

కాబట్టి రెండూ కావాలి. హైవేలో పిన్ను ఇరుసు మీద ఉండాలి, క్యాంపులో రివర్స్ పెట్టేటప్పుడు వెనక్కి జరగాలి. ఇలా జరిగేదే స్లైడింగ్ హిచ్. మామూలుగా 10 నుంచి 14 అంగుళాల వరకు జరుగుతుంది. పెద్ద లారీల్లో కూడా జరిగే ఫిఫ్త్ వీల్ ఉంటుంది, కానీ అక్కడ ప్రధానంగా ఇరుసుల మధ్య బరువు సర్దడానికి. ఇక్కడ క్యాబిన్ కాపాడుకోవడానికి.

ఒక చిన్న మాట. రోడ్డు మీద మామూలు మలుపుల్లో ట్రైలర్ ఎప్పుడూ ఎల్ ఆకారానికి రాదు. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్‌లో మలుపులు చూశారుగా, అంత గట్టి మలుపులో కూడా బండి ముందుకి వెళ్తున్నంతసేపు కోణం కొంతవరకే వస్తుంది. డేంజర్ అంతా నిదానంగా రివర్స్ పెట్టేటప్పుడు, పెట్రోల్ బంకులో ఇరుకు సందులో తిప్పేటప్పుడు.

ఇప్పుడు మాన్యువల్. ఇందులో ఒక లివర్ ఉంటుంది. రివర్స్ పెట్టే ముందు బండి ఆపాలి. ట్రైలర్ బ్రేకు పట్టి ఉంచాలి, లేదా చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టాలి. లివర్ లాగి ట్రక్కుని మెల్లగా ముందుకి పోనివ్వాలి. ట్రైలర్ అక్కడే ఉంటుంది, ట్రక్కు ముందుకి పోతుంది, హిచ్ వెనక్కి జరిగి టక్కున లాక్ పడుతుంది. పని అయ్యాక అలాగే ట్రైలర్ బ్రేకు పట్టి, ట్రక్కుని వెనక్కి పోనిచ్చి మళ్లీ ఇరుసు మీదకి తెచ్చి లాక్ చేయాలి. ధర తక్కువ, బరువు కొంత తక్కువ, చెడిపోయే పార్టులు తక్కువ. మైనస్ ఏంటంటే, "ఇక్కడ గట్టిగా తిప్పాల్సి వస్తుంది" అని మీకు ముందే తెలియాలి. సగం మలుపులో గుర్తొస్తే లేటు. రాత్రి, వాన, వెనక పిల్లల గోల, ఎవడో హారన్ కొడుతున్నాడు. అప్పుడు దిగి లివర్ లాగేవాళ్లు ఎంతమంది?

ఆటోమేటిక్‌లో ఆ దిగడం లేదు. ట్రైలర్ తిరిగేకొద్దీ హిచ్ తనంతట తనే వెనక్కి జరుగుతుంది, నిటారుగా వచ్చేకొద్దీ ముందుకి వస్తుంది. ఇది జరగాలంటే ట్రైలర్ పిన్ను దగ్గర ఒక ప్రత్యేకమైన ప్లేటు బిగించాలి. ఆ ప్లేటు లేకుండా ఇంకొకరి ట్రైలర్ తగిలిస్తానంటే కుదరదు. ధర బాగా ఎక్కువ, బరువు కూడా ఎక్కువ. నా ఓటు అయితే దీనికే. నెలకోసారి వాడేవాళ్లకి మరీను. రోజూ నడిపే డ్రైవర్‌కి అలవాటు పడుతుంది కానీ, ఆరు వారాలకోసారి బండి తీసే సాఫ్ట్‌వేర్ అన్నకి లివర్ గుర్తుండదు. మూడో దారి కూడా ఉంది. ట్రైలర్ వైపు ఉండే పిన్ బాక్స్‌నే మార్చి, తిరిగే పాయింట్‌ని వెనక్కి తెచ్చే రకం. అది తీసుకునే ముందు ట్రైలర్ ఫ్రేమ్ వారంటీ కాగితం చదవాలి.

ఏది కొన్నా పికప్ బెడ్ రేకుకి బోల్టులు కొట్టేస్తే చాలదు. బెడ్ కింద ఛాసిస్‌కి పట్టిన బ్రాకెట్లకే బిగించాలి. బెడ్ పక్క గోడల పైన ట్రైలర్ అడుగు కనీసం ఐదారు అంగుళాల ఎత్తులో ఉండాలి. లేకపోతే గుంతల్లో బండి ఒరిగినప్పుడు అడుగు ఆ గోడలకి కొడుతుంది.

ఇప్పటిదాకా డీలర్ చెప్పే కథ. డీలర్ చెప్పని కథ డ్రైవర్ డోర్ తీస్తే కనిపిస్తుంది. డోర్ ఫ్రేమ్ మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాన్లు కలిపి ఇంతకంటే బరువు వేయకూడదు అని రాసి ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటారు. అన్నని ఆ స్టిక్కర్ ఫోటో పంపమన్నా. ఆయన బండికి 1,700 పౌండ్లు. అంటే సుమారు 770 కేజీలు.

ఇప్పుడు ఆయన చూసిన ట్రైలర్ ఫుల్ లోడ్ బరువు 9,500 పౌండ్లు. "నా ట్రక్కు 11,000 పౌండ్లు లాగుతుందని బ్రోషర్‌లో ఉంది కదా" అన్నాడు. లాగడం వేరు, మోయడం వేరు. ఎద్దు లాగేది వేరు, మెడ మీద మోసేది వేరు కదా, అలాగే. ఫిఫ్త్ వీల్ ట్రైలర్ తన బరువులో 15 నుంచి 25 శాతం దాకా పిన్ను మీద మోపుతుంది. మధ్యస్థంగా 20 వేసుకుందాం. 9,500లో 20 శాతం 1,900. అంటే మనుషులు ఎక్కకముందే 1,700 దాటిపోయింది. దీనికి హిచ్ బరువు 200 కలపండి. ఐదుగురు మనుషులు 650. మొత్తం 2,750. లిమిట్ కంటే 1,050 పౌండ్లు ఎక్కువ. కేజీల్లో దాదాపు 475. తొమ్మిదిన్నర సిమెంటు బస్తాలు ఎక్స్‌ట్రా వేసుకుని, పిల్లల్నీ నాన్ననీ కూర్చోబెట్టుకుని హైవే ఎక్కినట్టు.

ఇది చూశాక మాన్యువలా ఆటోమేటికా అనే ప్రశ్నకి అర్థం లేదు. ఆటోమేటిక్ హిచ్ క్యాబిన్ అద్దాన్ని కాపాడుతుంది కానీ టైర్లనీ బ్రేకుల్నీ ఇరుసునీ కాపాడదు. పైగా దాని బరువు కూడా ఆ 1,700లోంచే పోతుంది.

అన్నకి చెప్పింది ఇది. ఈ ట్రక్కే ఉంచుకోవాలంటే ఫిఫ్త్ వీల్ ఆశ వదిలేసి, వెనక బంపర్ కింద తగిలించే మామూలు ట్రైలర్ చూడు. అది 10 నుంచి 15 శాతమే మోపుతుంది. 6,500 పౌండ్లది తీసుకుంటే 12 శాతం లెక్కన 780. హిచ్ సామాను 100, మనుషులు 650. మొత్తం 1,530. ఇంకా 170 మిగులుతుంది, అది సామాన్లకి. కాదు, ఫిఫ్త్ వీలే కావాలంటే ముందు ఒక సైజు పెద్ద ట్రక్కు, ఆరున్నర అడుగుల బెడ్ ఉన్నది చూడు. దాని స్టిక్కర్ చదువు. ఆ తర్వాత స్లైడింగ్ హిచ్ మాట్లాడుకుందాం. కాస్త డల్ అయ్యాడు. ఫర్వాలేదు.

ఇక మన దగ్గర. మన శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు ప్లాంట్ ఉంది, నాలుగు డోర్ల పికప్‌లు అక్కడే తయారవుతాయి. వాటి బెడ్ కూడా సుమారు ఐదడుగులే. వాటి మీద ఫిఫ్త్ వీల్ ఎవరూ పెట్టరు, పెట్టొద్దు కూడా. కానీ ట్రాక్టర్ ట్రాలీ ప్రతి ఊళ్లో ఉంది. రెండు చక్రాల ట్రాలీ కూడా ఈ ఫిఫ్త్ వీల్ లాంటిదే, బరువులో కొంత ట్రాక్టర్ హుక్కు మీద మోపుతుంది. లోడ్ అంతా వెనక్కి పేరిస్తే హుక్కు పైకి లాగుతుంది, ట్రాక్టర్ వెనక టైర్లకి పట్టు పోతుంది. మిరపకాయ బస్తాలైనా బత్తాయిలైనా ఇరుసుకి కొంచెం ముందుకి బరువు ఉండేలా పేర్చమని మీ డ్రైవర్‌కి చెప్పండి. హుక్కులో అసలు పిన్ను బదులు ఏదో ఇనుప కడ్డీ ముక్క దోపి పైన తీగ చుట్టిన ట్రాలీలు నేను రోజూ చూస్తున్నా. ఆ కడ్డీ అరిగితే ట్రాలీ ఎటు పోతుందో, అందులో కూలికి వెళ్తున్న ఆడవాళ్లు ఎంతమంది ఉంటారో ఆలోచించండి. అసలు పిన్ను, దానికి క్లిప్పు, పక్కన ఒక సేఫ్టీ గొలుసు. మూడూ కలిపినా ఒక రీఛార్జ్ రెండు రీఛార్జ్‌ల డబ్బు.

తగిలించాక ఒక టెస్ట్ ఉంది. అమెరికా పికప్‌కైనా మన ట్రాక్టర్‌కైనా ఒకటే. ట్రైలర్ చక్రాలు ఆపి పెట్టి, బండిని మెల్లగా ముందుకి ఒక్కసారి లాగి చూడండి. ఫిఫ్త్ వీల్‌లో అయితే దిగి, టార్చ్ వేసి, దవడలు పిన్ను చుట్టూ మూసుకున్నాయా లేక పిన్ను వాటి పైన కూర్చుందా అని కళ్లతో చూడాలి. పైన కూర్చుంటే బయటికి అంతా బాగున్నట్టే ఉంటుంది. మొదటి గుంత దగ్గర ట్రైలర్ వచ్చి బెడ్ మీద పడుతుంది.

మీ ఇంట్లో ట్రాలీ ఉంటే హుక్కు దగ్గర ఒక ఫోటో తీసి కామెంట్‌లో పెట్టండి. అందులో ఏం పిన్ను ఉందో చూసి రిప్లై ఇస్తా. ఫ్రిస్కో అన్నా, కొత్తగా చూసే ట్రక్కు డోర్ స్టిక్కర్ ఫోటో పంపు, అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా కట్టొద్దు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.