ఆకాశపు ఛాయాచిత్రములు - ఊరి వీధిదీపములు
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలందు మేము మంచినీటి బావులను గూర్చియు, ఎరువుగుంటలను గూర్చియు మాటలాడుట వాడుక. నేడు ఆకాశమును గూర్చి మనవి చేయదలచితిమి. మీ అధికారములో నున్న వీధిదీపముతో దీనికి సంబంధము కలదు గనుక కొంచెము ఓపికతో ఆలకింప గోరుచున్నాము.

హైదరాబాదు పాతబస్తీకి వచ్చినవారు చార్మినారును చూడక పోరు. ఫిసల్‌బండను చూడబోయినవారు అరుదు. నిజాం సంస్థానమున ప్రముఖుడైన నవాబు జఫర్‌జంగ్ బహదూర్ 1901వ సంవత్సరమున అచ్చట తన సొంత ఆవరణములో ఒక వేధశాలను నెలకొల్పెను. 15 అంగుళముల కటకముగల దూరదర్శినిని విదేశమునుండి తెప్పించెను. ఏ ప్రభుత్వమును ఆయనను ఆజ్ఞాపింపలేదు. చుక్కలపై గల మక్కువయే దానికి కారణము. ఆకాశమును ఛాయాచిత్రములు తీయుటకు 8 అంగుళముల యంత్రమొకటి కూడ ఈ వేధశాలకు చేరెను. 1907లో నవాబు మరణించిన పిమ్మట, 1908లో నిజాం ప్రభుత్వము దీనిని స్వీకరించి, తరువాత బేగంపేటకు మార్చెను. 1919లో ఇది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందెను. ఇదియే నిజామియా వేధశాల.

1887లో పారిస్ నగరమున అనేక దేశముల ఖగోళ శాస్త్రజ్ఞులు సమావేశమై, ఆకాశమంతటికిని ఛాయాచిత్రములతో పటము తయారు చేయవలెనని నిశ్చయించిరి. గ్రామకరణము పొలములను సర్వే చేసినట్లు, ఆకాశమును భాగములుగా విభజించి వేధశాలలకు పంచిరి. దక్షిణమున 17వ డిగ్రీ మొదలు 23వ డిగ్రీ వరకు గల పట్టీ హైదరాబాదు వంతునకు వచ్చెను. 1914లో పోకాక్ అను అధికారి పని ప్రారంభించెను. 1918లో ఆయన మరణింపగా టి.పి. భాస్కరన్ ఆ భారమును వహించెను. ఒక్కొక్క గాజుపలకపై పట్టునది నాలుగు పూర్ణచంద్రుల వెడల్పుగల ఆకాశపు ముక్క మాత్రమే. తీసిన పలకలపై ప్రతి చుక్క స్థానమును సూక్ష్మదర్శినితో కొలిచి పుస్తకములలో అచ్చొత్తించిరి. ఈ పని సంవత్సరముల తరబడి సాగెను.

ఇక నీహారికల సంగతి. ఇవి ఆకాశమున మబ్బువలె కన్పట్టు వాయు ధూళి సమూహములు. వీనిలో మనకు సులభముగా కన్పించునది ఎఱ్ఱని ఆర్ద్రా నక్షత్రమునకు సమీపమున నున్నది. వరుసగా నిలిచిన మూడు చుక్కల క్రింద వ్రేలాడు చిన్న చుక్కల నడుమ, పలుచని పొగవలె కానవచ్చును. అది మనకు సుమారు 1,300 కాంతి సంవత్సరముల దూరమున గలదు. దానిలో నేటికిని క్రొత్త నక్షత్రములు పుట్టుచున్నవి. 1880లో అమెరికా దేశమున హెన్రీ డ్రేపర్ అను వైద్యుడు సొంత వేధశాలనుండి దీనికి మొదటి ఛాయాచిత్రమును తీసెను. 1883లో ఇంగ్లండున కామన్ అను ఇంజనీరు తన ఇంటి తోటనుండి అంతకంటె మేలైన చిత్రమును తీసెను. వీరికిని ఇది వృత్తి కాదు.

నేడు ఈ పనికి నవాబు ఐశ్వర్యము అక్కరలేదు. ఉన్నత పాఠశాలలోని బాలురు బాలికలు కూడ ఆరు అంగుళముల దర్పణముతో దూరదర్శినిని చేసికొనగలరు. రెండు దళసరి గాజుబిళ్ళల నడుమ కార్బొరండం పొడియు నీరును పోసి, ఒకదానిపై నొకటి వారముల తరబడి రుద్దవలెను. పైబిళ్ళ గుంటపడును, క్రిందిది ఉబ్బును. పిదప దానిని మెఱుగుపెట్టి లోహపు పూత పూయించవలెను. మిల్లీమీటరులో పదివేలవ వంతు వంకర యున్నను చుక్క చెదరి కన్పించును. ఓర్పులేనివారు దీనికి దిగకుండుట మంచిది.

చిత్రము తీయుట వేరొక చిక్కు. భూమి తిరుగుటచే చుక్కలు గంటకు 15 డిగ్రీలు జరుగును. కెమెరాను కదలక నిలిపి ఎక్కువసేపు తెరచి యుంచినచో చుక్క గీతగా సాగును. కనుక మామూలు 50 మిల్లీమీటర్ల కటకమైనచో ఐదారు సెకండ్లకు మించరాదు. అట్టి చిత్రములు నూరు తీసి కంప్యూటరుపై ఒకటిగా కలిపిన నీహారిక తేటపడును. మరియొక ఉపాయము మీ ఊరి వడ్రంగి చేయగలిగినది. రెండు పలకలను మడతబందుతో కలిపి, ఆ బందును ధ్రువనక్షత్రము వైపునకు త్రిప్పి నిలుపవలెను. ధ్రువుడు హైదరాబాదు ప్రాంతమున 17 డిగ్రీల ఎత్తున నుండును. మరచుట్టునకు ఒక మిల్లీమీటరు జరుగు బోల్టును బందునుండి 229 మిల్లీమీటర్ల దూరమున బిగించి, నిమిషమున కొక చుట్టు చొప్పున త్రిప్పినచో పైపలక తెరచుకొనుచు, దానిపై నున్న కెమెరా చుక్కలతోబాటు నడచును. వేలకొలది రూపాయల యంత్రము చేయు పని ఇదియే.

అయితే కెమెరా దీపపు వెలుతురును, నీహారిక వెలుతురును ఏరి వేరుచేయలేదు. పాతబస్తీ మేడపైనుండి ఆ నీహారిక నడిమి భాగము చిత్రమునకు అందును గాని, చుట్టునున్న పలుచని అంచులు నగరపు కాంతిలో మునిగిపోవును. నగరకాంతి పెరుగుటచేతనే విశ్వవిద్యాలయము వేధశాలకై పల్లెపట్టును వెదకవలసి వచ్చెను. రంగారెడ్డి జిల్లాలోని జాపాల, రంగాపురం గ్రామముల చెంత 1968లో 48 అంగుళముల దూరదర్శిని నెలకొల్పబడెను. 1980 ఫిబ్రవరి 16వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును అచ్చటినుండి పరిశీలించిరి. నగరము కోల్పోయిన చీకటిని గ్రామము ఇచ్చెనన్నమాట.

ఆ చీకటి మీ గ్రామమున నింకను కొంత మిగిలియున్నది. వీధిదీపముల నిర్వహణ పంచాయతీ విధి. దీపములను తీసివేయుడని మేము చెప్పుట లేదు. పాములు తిరుగు చోట, ఆడువారు నీటికై నడచు త్రోవలో దీపము ఉండి తీరవలెను. కాని అది నేలపై వెలుగవలెను, ఆకాశముపై కాదు. దీపమును క్రిందికి వంచి పైన రేకు కప్పు బిగించినచో అదే విద్యుత్తుతో త్రోవ మరింత తేటగా కన్పించును. ఈసారి దీపములు కొనునప్పుడు కప్పుగలవాటినే ఎంచుకొనుడు. పాఠశాల ఆవరణలోని దీపమునకు వేరుగా స్విచ్చి పెట్టించుడు.

పుష్య బహుళ అమావాస్యనాడు రాత్రి భోజనములైన పిమ్మట ఆ మూడు చుక్కలు నడినెత్తికి కొంచెము దక్షిణముగా నుండును. ఆ గంటసేపు ఆ స్విచ్చి ఉపాధ్యాయుని చేతిలో నుండుటకు తీర్మానము చేయుడు.