రికార్డుల్లో ఖాళీ గళ్ళు
(విజయవాడలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మహిళల హక్కుల సభలో ఫుట్‌బాల్ గురించి ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. వరకట్నం, కుటుంబ హింస, కూలి రేట్లు, భూమి పట్టాలు మనం ఎప్పుడూ మాట్లాడుకునే విషయాలు. ఆటలు తీరిక ఉన్నవాళ్ళ వ్యవహారమనే అభిప్రాయం మన సంఘాల్లోనూ ఉంది. ఈ రోజు నేను ఆట కంటే లెక్క గురించి ఎక్కువ మాట్లాడతాను. ఒక జాతీయ జట్టు రికార్డులు ఎవరు రాస్తారు, ఎక్కడినుంచి మొదలుపెడతారు, వేటిని వదిలేస్తారు, దానివల్ల ఆడినవాళ్ళు ఏం పోగొట్టుకుంటారు అన్నవి నా ప్రశ్నలు.

లెక్కల రాజకీయం మనకు కొత్త కాదు. కృష్ణా డెల్టాలో కాలవలు వదిలాక ఊడ్పుల్లో నడుం వంచేది ఆడవాళ్ళే. కానీ జనాభా లెక్కల్లో ఏడాదిలో ఆరు నెలలకు తక్కువ పనిచేసిన మనిషి 'మార్జినల్ వర్కర్' అవుతుంది. సొంత పొలంలో చేసే చాకిరీ చాలాకాలం పనిగానే కనిపించలేదు. 1991 జనాభా లెక్కల్లో 'పొలంలో, కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా చేసే పనితో సహా' అనే మాటలను ప్రశ్నలోనే చేర్చారు. ఆ మాటలు చేర్చడానికి స్త్రీల తరఫున ఎంతో ప్రయత్నం జరిగింది. అడిగే ప్రశ్న మారితే లెక్కకొచ్చే మనుషులు మారతారు. ఆటల రికార్డులకూ ఇదే వర్తిస్తుంది.

ముందు పురుషుల జట్టు చూడండి. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణాలు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆస్ట్రేలియా మీద నెవిల్ డిసౌజా కొట్టిన మూడు గోల్స్. ఈ విజయాల వెనక ఉన్న కోచ్ మన హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. 2024లో ఆయన మీద 'మైదాన్' అనే హిందీ సినిమా కూడా వచ్చింది. సునీల్ ఛెత్రీ గోల్స్ తొంభై దాటాయని బడి పిల్లవాడు కూడా చెబుతాడు. ఇదంతా గుర్తుంచుకోవలసిన చరిత్రే. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

ఇప్పుడు స్త్రీల జట్టు. 1980లో కేరళలోని కాలికట్‌లో జరిగిన ఆసియా మహిళా చాంపియన్‌షిప్‌లో మన జట్టు ఫైనల్‌కు వెళ్ళి, చైనీస్ తైపీ చేతిలో 2-0తో ఓడి రెండో స్థానంలో నిలిచింది. 1981లో హాంకాంగ్‌లో మూడో స్థానం. 1983లో థాయిలాండ్‌లో మళ్ళీ ఫైనల్, మళ్ళీ రెండో స్థానం. నాలుగేళ్ళలో మూడుసార్లు ఆసియాలో మొదటి మూడు స్థానాల్లో నిలిచిన జట్టు ఇది. ఈ సభలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? స్త్రీల చరిత్ర చదువుకున్న మనకే తెలియకపోతే ఇక ఎవరికి తెలుస్తుంది?

తెలియకపోవడానికి కారణం ఉంది. ఆ రోజుల్లో స్త్రీల ఆటను నడిపింది 1975లో ఏర్పడిన ప్రత్యేక మహిళా సమాఖ్య. పురుషుల ఆటను నడిపే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య దాన్ని తన చేతిలోకి తీసుకున్నది 1990ల మొదట్లో. అంటే జట్టు అత్యంత బలంగా ఉన్న కాలం ఇంకొకరి దస్తరంలో మిగిలిపోయింది. ఇది మన దేశానికే పరిమితం కాదు. ఇంగ్లండ్‌లో 1921లో స్త్రీల ఆటకు మైదానాలు ఇవ్వకూడదని అక్కడి సంఘం తీర్మానించింది. ఆ నిషేధం అర్ధ శతాబ్దం నడిచింది. ముందు ఆడనివ్వకపోవడం, ఆడినా రాయకపోవడం, చివరికి 'ఆడవాళ్ళకు ఫుట్‌బాల్ సంప్రదాయం లేదు' అనడం. పితృస్వామ్యం పనిచేసే క్రమం ఇదే.

రికార్డులో పేరుంటే ఏమొస్తుందని అడగవచ్చు. ఉద్యోగం వస్తుంది, పింఛను వస్తుంది. స్పోర్ట్స్ కోటాలో నౌకరీకి కావలసింది సర్టిఫికెట్టు. కేంద్రం ఇచ్చే క్రీడాకారుల పింఛను ప్రధానంగా ఒలింపిక్స్, ఆసియా క్రీడలు, కామన్‌వెల్త్ క్రీడలు, ప్రపంచ పోటీల పతకాల మీద ఆధారపడుతుంది. స్త్రీల ఫుట్‌బాల్ ఆసియా క్రీడల్లోకి వచ్చింది 1990లో. ప్రపంచ కప్ 1991లో, ఒలింపిక్స్ 1996లో. 1980లో రెండో స్థానం తెచ్చిన అమ్మాయిలకు ఆ తలుపులు అసలు కట్టనే లేదు. లేని తలుపులోంచి లోపలికి రాలేదని వాళ్ళను తప్పుపట్టగలమా? అవార్డుల సంగతీ చూడండి. 1983లో శాంతి మల్లిక్‌కు అర్జున అవార్డు వచ్చింది. ఇంకొక మహిళా ఫుట్‌బాలర్ బెంబెం దేవికి ఆ అవార్డు రావడానికి 2017 దాకా, ముప్పై నాలుగేళ్ళు పట్టింది.

ఆ తర్వాతి కాలంలోనూ ఖాళీలు ఉన్నాయి. 2009లో, పద్దెనిమిది నెలలకు పైగా ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ కూడా లేక, మన జట్టు ఫిఫా ర్యాంకింగుల జాబితాలోంచే తొలగిపోయింది. ఆడని తప్పు ఆటగత్తెలది కాదు, మ్యాచ్‌లు ఏర్పాటు చేయనివాళ్ళది. 2022లో ఆసియా కప్ మన దేశంలోనే జరిగింది. ఇరాన్‌తో 0-0గా ఆడాక జట్టులో కోవిడ్ సోకి, ఆడడానికి సరిపడా మనుషులు లేక తప్పుకోవలసి వచ్చింది. ఆడిన ఆ ఒక్క మ్యాచ్‌ను కూడా రద్దు చేశారు. అదే ఏడాది అండర్-17 అమ్మాయిల జట్టు సహాయ కోచ్‌ను లైంగిక దుష్ప్రవర్తన కారణంగా తొలగించారు. ఆడపిల్ల ఆట ఎందుకు మానేసిందో రాసే గడి ఏ రికార్డు పుస్తకంలోనూ లేదు.

అయినా ఆడుతూనే ఉన్నారు. 2010 నుంచి 2019 వరకు దక్షిణాసియా పోటీ ఐదుసార్లూ మనవాళ్ళే గెలిచారు. మణిపూర్‌కు చెందిన బాలాదేవి దేశం తరఫున యాభైకి పైగా గోల్స్ కొట్టింది. 2025 జూలై 5న చియాంగ్ మాయ్‌లో థాయిలాండ్‌ను 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించారు. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వే. 1983 ఫైనల్లో మనల్ని ఓడించింది ఆ థాయిలాండే. ఈ జట్టులో నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఉంది. 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ ఆమే.

మన డెల్టా సంగతి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. బిడ్డ కోసం ఆటకు రెండేళ్ళు దూరంగా ఉండి, తిరిగి వచ్చి 2019లో, మళ్ళీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో తొమ్మిదో నెల గర్భంతో ఆడింది, జట్టు కాంస్యం గెలిచింది. విజయవాడ వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు స్వర్ణాలు తెచ్చింది. వీళ్ళ పేర్లు నిలిచాయి. నిలవని పేర్లే ఎక్కువ. గుడివాడ దగ్గర ఒక ఊళ్ళో, హైస్కూలు రోజుల్లో జిల్లా జట్టుకు కబడ్డీ ఆడిన ఒకామె నాతో అన్నది: "సర్టిఫికెట్టు ఉందండీ. దానిమీద పుట్టింటి పేరు. రేషను కార్డు మీద అత్తింటి పేరు. ఉద్యోగానికి వెళితే, ఇది నువ్వేనని ఏంటి రుజువు అన్నారు." ఇంటిపేరు మారడం మనకు మామూలు విషయం. ఆమెకు మాత్రం దానితో జీవనాధారమే పోయింది.

అందుకని మనం చేయగల పనులు కొన్ని ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, ప్రతి మండలంలో ఏ స్థాయిలోనైనా ఆడిన స్త్రీల పేర్లు, పుట్టింటి పేరుతో సహా, ఆడిన సంవత్సరంతో రాసుకుందాం. పాత ఫోటోల వెనక పేర్లు రాయిద్దాం. రెండు, పెళ్ళికి ముందు ఇచ్చిన సర్టిఫికెట్లను సాధారణ అఫిడవిట్‌తో అంగీకరించాలని జిల్లా అధికారులను అడుగుదాం. మూడు, 2013 చట్టం ప్రకారం ప్రతి క్రీడా సంస్థలో, హాస్టల్‌లో అంతర్గత కమిటీ ఉందో లేదో వెళ్ళి చూద్దాం. నాలుగు, పాత మహిళా సమాఖ్య కాలంలో ఆడిన మ్యాచ్‌లను, ఆ ఆటగత్తెలను పింఛనుకు గుర్తించాలని కోరదాం.

కూలి పుస్తకంలో వేలిముద్ర పడిందో లేదో చూసుకోవడం మనకు అలవాటే. ఇదీ అలాంటి పనే. ఈ సమావేశం నుంచి ఊళ్ళకు వెళ్ళాక మొదటి పేరు మీరే రాయండి. మీలో బడిలో ఆడినవాళ్ళుంటే, మీ పేరుతోనే మొదలుపెట్టండి.