ఆకలి విశ్వాసాన్ని మైలపరుస్తుందా?



మా మాస్టారి పేరిట ఉపన్యాసం చెయ్యమని కమిటీవారు అడగ్గానే ఒప్పుకున్నాను. ఇది నాకు గౌరవం. ఆయన బోధన గురించి, క్రమశిక్షణ గురించి, నిరాడంబరత గురించి సావనీరులో చాలామంది రాశారు. నేను కలపగలిగినవి రెండే సంగతులు. అరువు పట్టుకెళ్లిన పుస్తకాన్ని ఆయన తప్పకుండా తిరిగి ఇచ్చేవారు. కాకపోతే మార్జిన్ల నిండా పెన్సిలుతో నాతో పోట్లాడి మరీ ఇచ్చేవారు. రెండోది, భోజనం ముందు ఎవరైనా ప్రార్థన సాగదీస్తే కళ్లు తెరిచి, "అన్నం చల్లారుతోంది, ఆమెన్" అనేవారు. ఇవాళ నేను చెప్పబోయేది ఈ రెండో అలవాటుకు వ్యాఖ్యానమే. ఆయన మాత్రం దాన్ని సిద్ధాంతంగా చివరిదాకా ఒప్పుకోలేదు.

నాకిచ్చిన విషయం "క్రైస్తవ జీవితంలో విశ్వాసం, నమ్మకం". ఈ రెండు మాటల తేడా మీద ఇదే వేదిక మీద ఉపన్యాసాలు వచ్చాయి, దాని జోలికి పోను. అబ్రాహాము సంగతి, హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం, క్రియలు లేని విశ్వాసం గురించి యాకోబు హెచ్చరిక, లూథరు పట్టుదల, తర్వాతి ప్రొటెస్టెంటు పండితులు విశ్వాసాన్ని తెలుసుకోవడం, ఒప్పుకోవడం, ఆనుకోవడం అని మూడు పాళ్లు చెయ్యడం, ఇవన్నీ మీకు కంఠోపాఠం. మూడింటిలో ఆనుకోవడమే అసలుదని మనందరం ఒప్పుకుంటాం. అయితే మనిషి దేన్ని చూసి ఆనుకోవచ్చు? కడుపు చెప్పిన సాక్ష్యం ఆ విచారణలో చెల్లుతుందా? నా తగాదా అంతా ఈ ఒక్క ప్రశ్న మీదే. దాన్ని గాలిలో పెట్టి మాట్లాడను. ఒంగోలులో పెట్టి మాట్లాడతాను.

కథ మీకు తెలిసిందే, త్వరగా దాటిస్తాను. అమెరికన్ బాప్టిస్టులు తెలుగు దేశానికి 1836లో వచ్చారు. ముప్పై ఏళ్లు చేతికి పెద్దగా ఏమీ రాలేదు. మిషన్ మూసేద్దామా అన్న చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు జరిగింది. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది. 1876లో వానలు ఎగ్గొట్టాయి, కరువు రెండేళ్లు తినేసింది. పూర్వం సర్వేయరుగా పనిచేసిన క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కాలంలో పదిహేను నెలలపాటు బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ముగిశాక, 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆనాటి నుంచీ ఒకటే మాట: "బియ్యం క్రైస్తవులు", అంటే తిండి కోసం మతం మారినవాళ్లని. ఊళ్లో వాళ్లు అన్నారు, సాటి మిషనరీలు కూడా అనుమానపడ్డారు. దానికి మన చరిత్రకారులు, పాస్టర్లు, మా మాస్టారు ఇచ్చే జవాబు కూడా ఒకటే: "క్లౌ దొర కరువులో బాప్తిస్మాలు ఆపేశాడు కదా! బియ్యం అయిపోయాకే కదా జనం వచ్చింది!" నా పుస్తకం మార్జినులో మాస్టారు రాసింది అక్షరాలా ఇదే. చివర రెండు ఆశ్చర్యార్థకాలు కూడా పెట్టారు.

ఈ జవాబు నాకు ఎన్నడూ మింగుడు పడలేదు. అందులోని వాస్తవాలు సరైనవే, పదిహేను నెలలు నిజమే. తప్పంతా దాని వెనకున్న ఒప్పుకోలులో ఉంది. "తిండి ఆగాక వచ్చారు గనక వాళ్ల విశ్వాసం నిజం" అంటే, తిండి ఉన్నప్పుడు వచ్చి ఉంటే అబద్ధమయ్యేదని మనమే రాసిచ్చినట్టు. నేరం మోపినవాడి సూత్రాన్ని తలకెత్తుకుని, ఆ సూత్రం ప్రకారం మా వాళ్లు అమాయకులని వాదిస్తున్నాం. ఆకలి తగిలితే విశ్వాసం మైలపడుతుందన్న ఆ సూత్రం ఎవరి ఇంట పుట్టింది? మూడుపూటలా తిన్నవాళ్ల ఇంట. అంటరానితనం అనుభవించిన జనం విశ్వాసాన్ని తూచడానికి మళ్లీ మడి, మైల తక్కెడే తెచ్చిపెట్టుకున్నాం.

జనం తమ మాటగా ఏం చెప్పారో చూడండి. క్లౌ ఆత్మకథ ఆయన పోయాక 1914లో వచ్చింది. దాన్ని రాసిపెట్టిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఆయన భార్య, అమెరికాలో సాంఘిక సువార్త వేదాంతానికి పెద్దదిక్కైన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు అక్క. ఆ పుస్తకంలో వెల్లంపల్లి ఘట్టం ఉంది. క్లౌ జనాన్ని తిప్పి పంపాలనే చూశాడు. వాళ్లు కదల్లేదు. కాలువ తవ్విన చేతుల బొబ్బలు చూపించారు. మాకు సాయం వద్దు, పనిచేశాం, ఇకముందూ చేస్తాం అన్నారు. వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం, క్రైస్తవులుగా చావాలని ఉంది, బాప్తిస్మం ఇవ్వండి అన్నారు.

ఈ విన్నపంలో మన వ్యాఖ్యాతలు పట్టుకునేది "సాయం వద్దు" అన్న ముక్కనే. మిగతాది వదిలేస్తారు. బొబ్బలు ఎక్కడివి? కూలి గింజల కోసం చేసిన పనిలోవి. వాటినే సాక్ష్యంగా పెట్టారు. వచ్చే పంట ప్రస్తావన ఎందుకు? వాళ్ల లెక్కలో విశ్వాసమూ పంటా వేర్వేరు ఖాతాలు కావు గనక. ఆకలిని గట్టు మీద వదిలేసి నదిలోకి దిగలేదు వాళ్లు. ఆకలి సంగతి చెప్పుకునే దిగారు. అంతకంటే ముఖ్యం, పంట పండుతుందని అక్కడ ఎవరూ మాట ఇవ్వలేదు, వాళ్లూ అడగలేదు. పంట పోయినా ఎవరి వాళ్లుగా పోవాలో తేల్చుకున్నారు. ఆనుకోవడం అంటే ఇంతకు మించి ఏమిటో వేదాంత కళాశాలల వారు నాకు చెప్పాలి.

ఇక ఎవరి మీద ఆనుకున్నారు? దొర మీద అని ఒక సమాధానం ఉంది, అది సగమే నిజం. కాలువ పనిలో జనం మీద మేస్త్రీలుగా ఉన్నది క్లౌ నియమించిన బోధకులే. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. మాదిగవాడు తవ్విన మట్టిని మాదిగవాడే కొలిచి, పేరు రాసి, కూలి లెక్క చెప్పడం ఆ జిల్లాలో అంతకుముందు ఎవరు చూశారు? సాయంత్రం అలసి కూచున్నవాళ్ల దగ్గర కూచుని, ప్రయాసపడి భారం మోసేవాళ్లను యేసు పిలిచిన సంగతి చెప్పినవాళ్లూ వాళ్లే. పగలు కొలతలో మోసం చెయ్యనివాడు రాత్రి చెప్పిన మాట నమ్మదగిందని జనం అనుకుంటే, అది ఆశకు లొంగడమా, వివేకమా? జులై 3న నీళ్లలో నిలబడింది కూడా క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా బాప్తిస్మం ఇచ్చారు. ఏ పల్లెల జనానికి ఆ పల్లెల బోధకులు పూచీ పడ్డారు.

ఇక్కడ మన బాప్టిస్టు సోదరులు లేస్తారు. "విశ్వాసం వ్యక్తిగతం. గుంపుగా నమ్మడమేమిటి?" అని. మార్కు 2వ అధ్యాయం తియ్యండి. కపెర్నహూములో నలుగురు కలిసి పక్షవాయువు గలవాణ్ని మోసుకొచ్చి, పైకప్పు విప్పి దించారు. యేసు చూసింది "వారి" విశ్వాసమని సువార్తికుడు రాశాడు. మంచం మీదున్నవాడు అప్పటిదాకా నోరు విప్పినట్టే లేదు. అపొస్తలుల కార్యములు 16లో లూదియ ఇంటివారు, చెరసాల నాయకుడి ఇంటివారు మొత్తంగా బాప్తిస్మం పొందారు. నమ్మకం మనిషి నుంచి మనిషికి పూచీ మీద నడుస్తుంది. పల్లెల్లో అప్పు కూడా అలాగే నడిచింది.

ఇంకొందరు యోహాను 6వ అధ్యాయం ఎత్తుతారు. రొట్టెలు తిని తృప్తిపడ్డారు గనకే నన్ను వెదుకుతున్నారని యేసు మందలించాడు కదా అంటారు. మందలించాడు, నిజమే. అయితే ఏ వరసలో? ముందు అయిదువేల మందికి పెట్టాడు, తర్వాత మందలించాడు. పెట్టే ముందు ఎవరి ఉద్దేశమూ పరీక్షించలేదు. మందలించాక కూడా జీవాహారం అని తన్ను గురించి చెప్పుకోవడానికి ఆ రొట్టె భాషనే వాడాడు. అక్కడి మందలింపు రొట్టె దగ్గరే ఆగిపోయినవాళ్లకు. వెల్లంపల్లి జనం ఆగలేదు.

మూడో అభ్యంతరం పెద్దలది. 1936 చివర అమెరికన్ మిషన్ నాయకుడు జాన్ ఆర్. మాట్‌తో మాట్లాడుతూ గాంధీజీ, ఆవుకు సువార్త చెబుతారా అన్న అర్థంలో అడిగి, అస్పృశ్యుల్లో కొందరి గ్రహింపును అంతకంటే తక్కువ చేశారు. ఆ మాట 'హరిజన్'లో అచ్చయింది. దానికి జవాబు డెబ్భై ఏళ్ల ముందే ఒంగోలు ప్రాంతంలో ఉంది. యెర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ల వ్యాపారి. సువార్త వినకముందే యోగ గురువుల దగ్గర శిష్యరికం చేసి సాధన చేసినవాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లి సువార్త విని, తూచి, 1866లో బాప్తిస్మం పుచ్చుకున్నాడు. అప్పటికి కరువూ లేదు, కాలువా లేదు. ఆయన వెంట వచ్చినవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఆదివారం పని మానితే ఆసామికి కోపం. జాతరలో డప్పు కొట్టనంటే ఊరికి కోపం. చచ్చిన గొడ్డు మాంసం వద్దంటే గంజిలోకి నంజు పోయింది. అంటే మొదటి పదేళ్లలో విశ్వాసం ఖరీదు తిండే. ఆ లెక్క "బియ్యం క్రైస్తవులు" అనేవాళ్ల పద్దులో ఎక్కడా కనపడదు.

మెథడిస్టు మిషనరీ పికెట్ 1933లో అచ్చువేసిన సామూహిక ఉద్యమాల అధ్యయనం ఈ విషయంలో ఇంకా పనికొస్తుంది. దాదాపు నాలుగు వేలమందిని, ఎందుకు క్రైస్తవులయ్యారని అడిగించి, జవాబులను ఆత్మీయం, లౌకికం, సాంఘికం, పుట్టుక వల్ల అని నాలుగు గంపల్లో వేశాడు. గంపలు నాకు నచ్చవు. వెల్లంపల్లి విన్నపాన్ని ఏ గంపలో వేస్తారు? కానీ ఆయన నిజాయితీగా తేల్చిన సంగతి ఒకటుంది: తర్వాతి క్రైస్తవ జీవితం వచ్చిన కారణాన్ని బట్టి కంటే, వచ్చాక దొరికిన బోధన, ఆదరణను బట్టి నిలబడింది. 1936 మే 31న బొంబాయిలో మహర్ల సభలో అంబేడ్కర్ మతమార్పిడిని లౌకిక, ఆధ్యాత్మిక దృష్టులు రెండింటితోనూ చూడాలని ఏ సంకోచమూ లేకుండా చెప్పారు. సంకోచం మనకే.

ఈ సంకోచానికి ఇవాళ కూడా ఖరీదు కడుతున్నాం. షెడ్యూల్డు కుల హోదాను హిందువులకే పరిమితం చేసిన 1950 ఉత్తర్వు మూడో పేరా 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింది, క్రైస్తవులకు సడలలేదు. మన రాష్ట్రాల్లో క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారిని బి.సి.-సి కింద ఒక్క శాతంలో పెట్టారు. ఒకప్పుడు లాభానికి చేరారన్న నింద, ఇప్పుడు లాభానికి మతం దాస్తున్నారన్న నింద. రెండింటికీ మూలం ఒకటే: పేదవాడి విశ్వాసానికి పేదరికంతో సంబంధం ఉండకూడదన్న పట్టు.

"అయితే టీవీలో విత్తనపు కానుకలు వేయించుకుని వీసాలు, ఉద్యోగాలు పంచే బోధకులను కూడా సమర్థించండి" అని ఒక యువ పాస్టరు గారు నన్ను నిలదీశారు. సమర్థించను. బోధకుడు కాలువ గట్టు మీద రోజూ కనపడేవాడు, కొలత తప్పితే అడగొచ్చు. తెర మీది ఆయన్ని అడగలేం. కాలువలో పనికి కూలి ఇచ్చారు, తెర మీద డబ్బుకు వాగ్దానం అమ్ముతారు. వెల్లంపల్లి విన్నపంలో పంట పోయే రోజుకు చోటుంది. ఆ కూటాల్లో పంట పోయినవాడికి "నీ విశ్వాసం చాల్లేదు" అన్న మాటే మిగులుతుంది. రెండు చోట్లా అన్నం ఉంది గనక రెండూ ఒకటే అనడం కుదరదు.

చివరగా నేనిప్పుడు చేస్తున్న పని. కమిటీవారు గడియారం చూస్తున్నారు, అయినా చెబుతాను. బియ్యం తీసుకున్న కథ నూట నలభై ఏళ్లకు పైగా చెప్పుకున్నాం, ఇచ్చిన కథ ఎవరూ రాయలేదు. మన తల్లులు ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం గుడికి తెచ్చేవారు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు ఇవ్వడం నేర్వని సంఘం నిలబడదని నమ్మి ఈ అలవాటును బాగా ప్రోత్సహించారు. ఆ కానుకల రిజిస్టర్లు నేను సేకరిస్తున్నాను. ఒక పల్లె సంఘం పుస్తకం నా దగ్గర ఉంది, వెన్ను ఊడిపోయింది, అంచులు చెదలు తిన్నాయి. ఎడమ పక్క పేరు, ఎదురుగా వారాలు. ఒకామె వరసలో నాలుగు వారాలు "సోలెడు". తర్వాత రెండు గళ్లు ఖాళీ, పక్కన సన్నటి అక్షరాలతో "కూలి లేదు". ఆ పై వారం "గిద్దెడు". ఇంకో రెండు వారాలకు మళ్లీ "సోలెడు". ఖాళీ గడి రాసినవాడు ఆమెను తప్పుపట్టలేదు, కారణం రాశాడు. ఆమె మానెయ్యలేదు, తగ్గించి తెచ్చింది. క్రైస్తవ జీవితంలో నమ్మకం ఎలా నడుస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి దస్తావేజు నేను చూడలేదు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. గుడి బీరువాల్లో, పాత పాస్టర్ల ఇళ్ల అటకల మీద, ట్రంకు పెట్టెల అడుగున. కొత్త గుడి కట్టేటప్పుడు చెత్తతో పాటు కాల్చేస్తున్నారు. పాస్టరు గార్లకు నా మనవి, కాల్చే ముందు ఒక్క ఫోటో తీయించండి. అసలు ప్రతి మీ దగ్గరే ఉంచుకోండి, నాకు నకలు చాలు. పరిశోధక విద్యార్థులకు ఇంకో మనవి. మీ సిద్ధాంత గ్రంథం మొదటి అధ్యాయంలో "కరువు కాలంలో బాప్తిస్మాలు నిలిపివేయబడ్డాయి" అన్న వాక్యం రాసేటప్పుడు దాన్ని సమర్థనగా రాయకండి, సంఘటనగా రాయండి. ఆ పదిహేను నెలలూ ఆగిన జనం ఎలా బతికారో, ఎవరి మాట మీద ఆగారో వెదకండి. అది రాస్తే మీ పుస్తకం మార్జినులో నేను పెన్సిలు పెట్టను.

ఈ ఉపన్యాసానికి కమిటీవారు ఇవ్వబోయే పారితోషికాన్ని ఆ రిజిస్టర్ల నకళ్ల ఖర్చుకు జమ చేయమని కోశాధికారి గారిని కోరుతున్నాను. రసీదు మాత్రం ఇవ్వాలి.